వలస బతుకుల గుర్తులకు మార్కాపురంలో చోటు దక్కేనా?

సంక్రాంతి వెళ్లి వారం తిరగకముందే పశ్చిమ ప్రకాశం పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడడం ఏళ్ల తరబడి జరుగుతున్నదే. గుంటూరు వైపు మిరప కోతలు మొదలవుతాయి. మేస్త్రీ కబురు పెడతాడు. బియ్యం మూట, రెండు దుప్పట్లు, నాలుగు సత్తు గిన్నెలు, పసిబిడ్డకు ఉయ్యాల కట్టడానికి ఒక పాత చీర సర్దుకుని కుటుంబాలకు కుటుంబాలు ట్రాక్టర్లు, లారీలు ఎక్కుతాయి. ఇంకొందరు రైళ్లు, బస్సులు పట్టుకుని హైదరాబాద్, బెంగుళూరు కట్టుబడి పనులకు పోతారు. ఊళ్లో ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. కొన్ని ఇళ్లలో ఆ పిల్లలు కూడా మిగలరు. చేలో తల్లి పక్కన చిన్న బుట్ట పట్టుకుని వాళ్లూ కాయ కోస్తుంటారు.

ఈ సంగతి తెలియనివారు మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల్లో ఒక్కరూ ఉండరు. అయినా ఇంత పెద్ద సంగతికి ఒక్కచోట కూడా గుర్తు లేకపోవడం శోచనీయం. గుళ్లకు శాసనాలున్నాయి. కంభం చెరువుకు, అది కట్టించిన రాణి వరదరాజమ్మకు కథ ఉంది. ఆ చెరువుకు 2020లో అంతర్జాతీయ సాగునీటి సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా ఇచ్చింది. మంచిదే. కాని ఆ చెరువు కింద పంట పండని ఏళ్లలో మూట నెత్తిన పెట్టుకుని పోయినవారు ఎక్కడికి పోయారో, ఎలా బతికారో, ఎందరు తిరిగి వచ్చారో చెప్పే కాగితం ముక్క ఎక్కడా భద్రంగా లేదు. వలసల చరిత్రను దాచి చూపించే ప్రదర్శనశాల ఒకటి మార్కాపురంలో ఏర్పడవలసి ఉన్నది. అది తీరికగా, పదేళ్ల తర్వాత చేసుకోదగిన పని కాదు.

నీళ్లు వచ్చేలోపే

ఎందుకు కాదంటే వెలిగొండ ఉంది. నల్లమల కొండల నడుమ ఉన్న ఖాళీలను సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కట్టలు కట్టి మూసి నీరు నిలపాలన్నది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. 1996 మార్చి 5న శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయానికి వరద వచ్చే రోజుల్లో కొల్లంవాగు నుంచి రెండు సొరంగాల ద్వారా 43.5 టీఎంసీల కృష్ణా నీరు తేవాలని, నాలుగు లక్షల ఎకరాలకు పైగా తడపాలని, పదిహేను లక్షల మందికి తాగునీరు ఇవ్వాలని ప్రణాళిక. ఒక్కో సొరంగం పొడవు పద్దెనిమిది కిలోమీటర్లు దాటింది. 2024 మార్చిలో ఆ రెంటినీ జాతికి అంకితం చేశారు. ఈ నీటి కోసం ఎదురుచూసి ఒక తరం ముసలిదైపోయింది. శంకుస్థాపన నాడు ఉయ్యాలలో ఉన్న బిడ్డ పెరిగి, పెళ్లాడి, తన బిడ్డను ఉయ్యాలలో వేసుకుని మిరప కోతకు పోయే వయసుకు వచ్చాడు.

ఈ ప్రాజెక్టు వలసలను ఆపుతుందన్న నమ్మకం జనంలో ఉంది. అయితే అది ముందుగా కొందరిని వలస పంపుతున్నది. గొట్టిపడియ, సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, వాటి చుట్టుపక్కల తండాలతో కలిపి పదకొండు గ్రామాలు ముంపు కింద పోతాయి. ఏడు వేలకు పైగా కుటుంబాలు లేచిపోవాలి. పరిహారం, పునరావాసం గురించి ఏళ్లుగా ధర్నాలు, వినతులు నడిచాయి. పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డలకు కూడా ప్యాకేజీ ఇవ్వాలనే తగవు అందరికీ తెలిసిందే. అవి వేరే చోట తేలవలసినవి. ఇక్కడ అడగవలసిన ప్రశ్న మరొకటి. ఊరు ఖాళీ అయిన రోజున ఆ ఇళ్లలోని వస్తువులు ఏమవుతాయి?

టేకు దూలాలు, తలుపులు, గేదెలు యజమానుల వెంట పోతాయి. ఇనుప సామాన్ల వాడు కొన్నిటిని తూకానికి కొంటాడు. తిరగలి, రోలు బరువని వదిలేస్తారు. కపిల తోలిన రోజుల నాటి బాన, జొన్నల పాతర మీది మూతబండ, నాగలి కర్రు కొత్త కాలనీలో దేనికీ పనికిరావు. ఇంటి గోడ మీద పుట్టినరోజులు, అప్పుల లెక్కలు బొగ్గుతో రాసుకున్నవారున్నారు. గోడను ఎవరూ మోసుకుపోలేరు, ఫోటో మాత్రం తీయవచ్చు. కెమెరా ఉన్న సెల్‌ఫోను లేని ఇల్లు లేదిప్పుడు. తీయాలన్న ఆలోచన పుట్టాలంతే.

ఇటువంటి ఘట్టం ఈ ప్రాంతానికి అటూ ఇటూ రెండుసార్లు జరిగింది. నాగార్జునసాగర్ కట్టేముందు, 1954 నుంచి 1960 వరకు, నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపి ఇక్ష్వాకుల కాలపు శిల్పాలను, కట్టడాలను పైకి చేర్చారు. కొండ మీద మ్యూజియం కట్టారు. నేటికీ జనం లాంచీల మీద పోయి చూసి వస్తున్నారు. శ్రీశైలం జలాశయం కింద 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. అప్పుడు కూడా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. ఆ పని చేసినవారికి దండం పెట్టవలసిందే. రెండు వేల ఏళ్ల కిందటి శిల్పాన్ని, వెయ్యేళ్ల గుడిని కాపాడడానికి ఇంజనీర్లు, పురావస్తు శాఖ, డబ్బు అన్నీ కుదిరాయి. అదే నీటి కింద ఊరు వదిలిన రైతు కథకు మాత్రం గదీ లేదు, గోడా లేదు. ఆనాడు ఇరవై ఏళ్ల వయసులో సామాను బండికెత్తినవారు ఇప్పుడు అరవై దాటి ఉన్నారు. వెలిగొండ ముంపులోనూ అదే తంతు మళ్లీ జరగనివ్వడం అధికారులకే కాదు, ఈ ప్రాంతంలో చదువుకున్నవారికి కూడా తగని పని.

వచ్చినవారూ ఉన్నారు

వలస అనగానే పోవడమే అనుకుంటారు. ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడినవారి కథ కూడా తక్కువది కాదు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలోనివి. పరిపాలన హద్దులే ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు మారినచోట మనుషులు కదలకుండా ఎలా ఉంటారు?

తండాల్లోని లంబాడీల పూర్వులు ఎద్దుల మీద సరుకు మోసే వ్యాపారులు. కోస్తా ఉప్పు, పడమటి ధాన్యం ఎద్దుల మందల మీద కనుమలు దాటేవి. 19వ శతాబ్దం చివర గుంటూరు, నంద్యాల మార్గంలో నల్లమల మీదుగా రైలు పడ్డాక ఎద్దు బేరం పడిపోయింది. తిరిగే జనం ఒకచోట నిలబడి సేద్యం, కూలి మొదలుపెట్టారు. అదే రైలు పట్టాల మీద దొనకొండకు రైల్వే ఉద్యోగులు వచ్చారు. వారిలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కూడా ఉండేవి. ఒక రైలు మార్గం ఒకరి బతుకుతెరువు తీసేసి మరొకరికి ఇచ్చింది. పిల్లలకు పాఠం చెప్పాలంటే ఇంతకన్న దగ్గరి ఉదాహరణ దొరకదు.

అంతకు ముందటిది ధాత కరవు. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన ఆ క్షామంలో కర్నూలు జిల్లా అందరికంటె ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. 1871, 1881 జనాభా లెక్కలు పోల్చి చూస్తే జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. చచ్చినవారెందరో, ఊరు విడిచినవారెందరో ఆ లెక్కలో తేలదు. నాడు జిల్లాలో భాగమైన మార్కాపురం, కంభం ఊళ్లవారు కూడా ఆ తగ్గుదలలో ఉన్నవారే.

ఇక పలక. మార్కాపురం పలక పేరు తెలియని బడి ఒకప్పుడు దేశంలో అరుదు. వాన లేని ఏడు చుట్టుపక్కల పల్లెల జనం పలకల గనుల్లో, ఫ్యాక్టరీల్లో కూలి చేసి గంజి తాగారు. గనిలో రాయి చీల్చేవాడు ఒకడు, కోసేవాడు ఒకడు, చట్రం బిగించేది, కట్టలు కట్టేది ఆడవాళ్లు, పిల్లలు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఆయుష్షు తీరకముందే పోయినవారున్నారు. తర్వాత నోటు పుస్తకం, ప్లాస్టిక్ పలక వచ్చాయి. రాయి బడి నుంచి తప్పుకుని విదేశాల ఇళ్ల నేలకు, గోడలకు, కప్పులకు పలకగా ఎగుమతి అయింది. ఓడెక్కి పోయిన ఆ రాయికి బిల్లు ఉంది, ముద్ర ఉంది. రాయి చీల్చిన మనిషి పని తగ్గిపోయి బస్సెక్కితే అతని పేరు ఎక్కడా నమోదు కాలేదు. ఊరూరా పిల్లలు ఈ ఊరి పలక మీద అఆలు దిద్దుకోగా, అది చేసిన ఇంటి పిల్లల్లో అఆలు రానివారు ఉండడం గమనార్హం.

మేస్త్రీ పుస్తకం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇటువంటి ప్రదర్శనశాల పెడితే అందులో పెట్టవలసిన మొదటి వస్తువు ఏది? విగ్రహం కాదు, చిత్రపటం కాదు. మేస్త్రీ దగ్గర ఉండే చిన్న పుస్తకం.

ఎవరు ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎవరెవరు ముఠాలో ఉన్నారు, ఏ ఊరి రైతు చేలో ఎన్ని రోజులు చేశారు, జ్వరం వచ్చి ఎవరు ఎన్ని పూటలు మానారు, పోను ఎంత, రాను ఎంత అన్నీ అందులో ఉంటాయి. సంతకం రానివారి వేలిముద్రలుంటాయి. కోత అయిపోయి లెక్క తేలాక ఆ పుస్తకం విలువ పోతుంది. పొయ్యిలోకో, బఠాణీల పొట్లానికో పోతుంది. నలభై ఏళ్లుగా ముఠాలు కట్టిన మేస్త్రీలు ఒక్కొక్కరు పది పుస్తకాలు దాచి ఉంటే, పడమటి ప్రాంతం నుంచి ఎవరు ఎక్కడికి పోయారో సర్కారు లెక్కల కంటె అవే గట్టిగా చెప్పి ఉండేవి.

సర్కారు లెక్క ఎందుకు లేదో కూడా చెప్పుకోవాలి. రాష్ట్రం దాటి పోయే వలస కూలీల కోసం 1979లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కంట్రాక్టరు ప్రతి కూలీకి ఫోటోతో పాసుపుస్తకం ఇవ్వాలని అందులో రాశారు. కాని మార్కాపురం నుంచి గుంటూరు పోయేవాడు రాష్ట్రం దాటడు. కనుక ఆ చట్టం అమల్లో ఉన్న రోజుల్లో దాని దృష్టిలో అతను వలస కూలీయే కాలేదు. హైదరాబాద్ పోయినవాడు కూడా 2014 జూన్ 2 వరకు సొంత రాష్ట్రంలోనే ఉన్నాడు. ఆ రోజు తెల్లవారేసరికి, అదే అడ్డా మీద నిలబడి, పొరుగు రాష్ట్రపు కూలీ అయ్యాడు. ఆ తేడా ఏమిటో 2020లో బాగా తెలిసి వచ్చింది. మార్చి నెలాఖరున లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాద్ నుంచి బయలుదేరిన ఆంధ్రా జనాన్ని రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆపేశారు. ఆ నాలుగు రోజుల అనుమతి కాగితం, అరిగిన చెప్పులు, క్వారంటైన్‌లో ఇచ్చిన చీటీ ఇంకా ఎవరి ట్రంకు పెట్టె అడుగునో ఉండే ఉంటాయి.

దీనితో పోల్చదగినది సముద్రాల అవతల ఉంది. మారిషస్ ద్వీపానికి 1834 నుంచి చెరకు తోటల పనికి ఓడల్లో కూలీలను తీసుకుపోయారు. నాలుగున్నర లక్షల మందికి పైగా దిగిన ఆ రేవును అప్రవాసీ ఘాట్ పేరుతో భద్రపరిచారు. ఓడ దిగినవారు ఎక్కిన పదహారు రాతి మెట్లే అక్కడ ముఖ్యమైన దర్శనం. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. వారిలో కోస్తా రేవుల నుంచి పోయిన తెలుగువారు కూడా ఉన్నారు. నేటికీ ఆ దేశంలో ఉగాదికి సెలవు. విశేషం అది కాదు. ఆ కూలీల పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా రాసిన రిజిస్టర్లు, తర్వాత కాలపువారి ఫోటోలు అక్కడి మహాత్మా గాంధీ సంస్థలో జాగ్రత్తగా ఉన్నాయి. మునిమనవలు వచ్చి తమ పెద్దల ఊరి పేరు వెతుక్కుంటున్నారు. ఆ రిజిస్టర్లు రాసింది తెల్లదొరలు, కూలీల మీద ప్రేమతో కాదు. తప్పించుకుపోతే పట్టుకోవడానికి. అయినా రాసి ఉండడం వల్ల నేడు ఉపయోగపడ్డాయి. నూట యాభై ఏళ్ల కిందట సముద్రం దాటిన కూలీకి రికార్డు ఉంది. నిరుడు చిలకలూరిపేట చేలకు పోయిన కూలీకి లేదు.

తాగునీళ్లు లేనిచోట మ్యూజియమా?

ఈ మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఇదే. ప్రశ్న న్యాయమైనదే. బోరు నీటిలో ఫ్లోరైడు, క్యాను నీళ్లు కొనుక్కుని తాగే ఊళ్లు, ఆస్పత్రికి ఒంగోలుకో, గుంటూరుకో పోవలసిన దుస్థితి. మ్యూజియం నీళ్లివ్వదు, పని చూపించదు. ఉన్న డబ్బు ముందు కాలువలకు, పునరావాసానికి పోవాలనేవారితో తగవు పడనక్కరలేదు. అందుకే దీనికి కోట్ల భవనం అడగరాదు. మార్కాపురం చుట్టుపక్కల మూతపడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి చాలు. షెడ్డే సగం ప్రదర్శన.

మరో అడ్డు కూడా ఉంది, అది పైకి వినపడదు. కూలికి పోయిన సంగతి చెప్పుకోవడానికి జనం సిగ్గుపడతారు. పిల్లకు సంబంధం చూస్తున్నప్పుడు ‘మా వాళ్లు గుంటూరు కోతలకు పోతారు’ అని ఎవరూ అనరు. హైదరాబాద్‌లో చిన్న హోటలు పెట్టి నిలదొక్కుకున్నవాడు మొదటి రెండేళ్లు ఫుట్‌పాత్ మీద పడుకున్న మాట బయటపెట్టడు. తల్లీ బిడ్డల కష్టాన్ని ఊరందరి ముందు గోడకు తగిలించడమంటే ఎవరికైనా మనసు ఒప్పదు. కనుక ఎవరి కథ వారి ఒప్పుదల మీదనే పెట్టాలి. పేరు వద్దంటే పేరు తీసేయాలి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పోయినవారు సోమరులై పోలేదు, చేతకాక పోలేదు. వారు పంపిన డబ్బుతోనే ఈ ఊళ్లలో కప్పులు మారాయి, పిల్లలు కాలేజీలకు పోయారు, బాంకు వేలం నుంచి పొలాలు బయటపడ్డాయి.

అలాగని బాగుపడినవారి కథలే పెట్టి, చందా ఇచ్చినవారి ఫోటోలతో గోడ నింపితే అది మ్యూజియం అనిపించుకోదు. అడ్వాన్సు తీరక మరుసటి ఏడు కూడా అదే రైతు దగ్గరికి పోయినవారు, ట్రాక్టరు బోల్తాపడి శవాలై తిరిగి వచ్చినవారు, అసలు తిరిగి రానివారు కూడా అందులో ఉండాలి. ఆడమనిషి కథ వేరుగా అడగాలి. చేలో కాయ కోసి, గుడిసెకు వచ్చి వండి, పసిబిడ్డకు పాలిచ్చేముందు మిరప ఘాటు పోయేలా చేతులు పదిసార్లు కడుక్కునే సంగతి మగవాణ్ణి అడిగితే తెలియదు.

ఎవరు మొదలుపెట్టాలి

అమృతసర్‌లో 2017లో దేశ విభజన మ్యూజియం తెరిచారు. దేశం రెండు ముక్కలై డెబ్బై ఏళ్లు గడిచాక గాని అది రాలేదు. అందులోని వస్తువులు ఇళ్లలో దాచుకున్నవే. పారిపోయి వచ్చేటప్పుడు చేతబట్టుకున్న పెట్టె, తొడుక్కున్న కోటు, వంటపాత్ర, ఉత్తరాలు. కుటుంబాలు తెచ్చి ఇచ్చాయి. ఆలస్యం కావడం వల్ల ఆ నడకను చిన్నప్పుడు చూసినవారి మాటలే ఎక్కువగా దొరికాయి, పెద్దవారై నడిపించినవారు అప్పటికే పోయారు. దగ్గరలోనే శ్రీశైలంలో చెంచుల వాడుక వస్తువులతో గిరిజన మ్యూజియం ఉంది. విల్లు, బుట్ట, తేనె తీసే పనిముట్టు చూడడానికి యాత్రికులు ఆగుతున్నారు. కూలివాడి తట్టా పారా చూడడానికి ఎవరు వస్తారన్న సందేహం అక్కర్లేదు.

మొదటి పని గ్రామాల్లో జరగాలి. ముంపు గ్రామాల్లో ముందు. హైస్కూలు ఉపాధ్యాయులు, డిగ్రీ కాలేజీ పిల్లలు, గ్రంథాలయ ఉద్యోగులు తలుచుకుంటే ఒక వేసవిలో చాలా పోగవుతుంది. వలస పోయినవారు సంక్రాంతికి, పీర్ల పండుగకు, మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్లకు ఇళ్లకు వస్తారు. అడగవలసింది అప్పుడు. పెద్దవాళ్లు సంవత్సరం అంకె చెప్పరు. ‘అవ్వా, మొదటిసారి ఎప్పుడు పోయినారు?’ అంటే, ఉప్పెన వచ్చిన ఏడు అంటారు, పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు అంటారు. ఉప్పెన 1977 నవంబరుది కనుక లెక్క అక్కడినుంచి కట్టుకోవచ్చు. అవ్వ మాటను అవ్వ చెప్పినట్టే రికార్డు చేయాలి, పుస్తకాల భాషలోకి దిద్దరాదు. తండాల్లో లంబాడీలో చెబితే లంబాడీలోనే ఉంచి పక్కన తెలుగు రాయాలి.

పంచాయతీలు తమ ఊరి పాత ఓటర్ల జాబితాలు, ఇంటిపన్ను రిజిస్టర్లు చెత్తకు వేసేముందు ఒకసారి ఆలోచించాలి. వెలిగొండ ముంపు ఊళ్ల ఇళ్ల కొలతలు, ఫోటోలు సర్వే కాగితాల్లో ఇప్పటికే ఉన్నాయి. పరిహారం పంపిణీ అయిపోయాక అవి ఏ ఆఫీసు మూలనో చెదలు తినకుండా ఒక నకలు ఇక్కడికి ఇప్పించవలసిన బాధ్యత జిల్లా యంత్రాంగానిది. సర్వే నాడు కోతకు పోయి ఇంట లేనివాడికి, ఆ ఊళ్లో తానున్నానని చూపడానికి రేపు ఆ కాగితమే దిక్కు కావచ్చు.

వస్తువు తీసుకున్నవారు ఇచ్చినవారికి రసీదు రాసి ఇవ్వాలి. అందులో ఇంటి పేరు, ఊరి పేరు, వస్తువు, అది ఏ ఏడు ఎక్కడికి పోయి వచ్చిందో ఉండాలి. మళ్లీ ఎప్పుడు కావాలని అడిగినా మారుమాట లేకుండా తిరిగి ఇవ్వాలి.